వెనక కేక

ఒక పొట్టేలుకు ముసలితనం వచ్చింది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, పొట్టేలుకు తప్ప.

అది జంతువుల ఊరు. ఊరి నడిబొడ్డున ఒక బరి ఉండేది. వారానికోసారి ఆ బరిలో రెండు పొట్టేళ్లు తలలు ఢీకొట్టుకుంటే, మిగతా ఊరంతా చుట్టూ చేరి వేరుశనక్కాయలు తింటూ చూసేది. దెబ్బ తగిలేది వాళ్ల తలకి కాదు కాబట్టి ఆ ఆటంటే వాళ్లకి మహా ఇష్టం.

ఆ బరిలో పదేళ్లుగా ఓటమి ఎరగనివాడు మన పొట్టేలు. పేరు పిడుగు. ఆ పేరు పెట్టింది బరి పక్కన చెట్టు మీద కూర్చునే కాకి. అమ్మ పెట్టిన పేరేమిటో అతనికే గుర్తులేదు. ఆ మాటకొస్తే ఈమధ్య అతనికి చాలా సంగతులు గుర్తుండటం లేదు. పొద్దున్నే లేచి పెరట్లో ఉన్న మొద్దుని "ఏం బావా, ఎప్పుడొచ్చావు?" అని పలకరించేవాడు. మొద్దు బదులు చెప్పకపోతే అలిగి రెండు రోజులు దాని మొహం చూసేవాడు కాదు. ఒకసారి వాగులో నీళ్లు తాగుతూ తన నీడ చూసి, "ఎవరో ఈ ముసలాయన, పాపం, తోడు ఎవ్వరూ రాలేదు" అని జాలిపడ్డాడు.

ఇవన్నీ చూసి నవ్వాలో ఏడవాలో తెలియక నలిగిపోయేది అతని పెళ్లాం. ఆమె నుదుటి మీద చిన్న తెల్లమచ్చ ఉంది. అది చూసే అతను పెళ్లయిన నాటి నుంచి "బొట్టూ" అని పిలిచేవాడు. ఊరికి ఆమె పిడుగు పెళ్లాం, అంతే. బొట్టూ అని పిలిచే నోరు లోకంలో ఆ ఒక్కటే. ఆ నోరు అన్నీ మరిచిపోతున్నా ఆ ఒక్క పేరు మాత్రం ఇంకా మరిచిపోలేదు.

ఆమె మేకపోతు వైద్యుణ్ణి పిలిపించింది. ఆయన గడ్డం ఊపుకుంటూ వచ్చి, పిడుగు తల చుట్టూ చెవి ఆనించి విని, బొట్టుని పక్కకి పిలిచాడు.

"లోపలంతా ఎండు సొరకాయలో గింజల్లా గలగలమంటోందమ్మా. ఇంకొక్క దెబ్బ. అంతే. ఆ తర్వాత మొద్దుని బావా అనడు, నిన్ను మొద్దూ అంటాడు."

బొట్టు మొగుడికేసి చూసింది. తనకి గడ్డి కరువైనా ఓర్చుకోగలదు, ఎండా వానా ఓర్చుకోగలదు. పక్కనే పడుకున్న మొగుడు పొద్దున లేచి "ఎవరమ్మా నువ్వు?" అంటే మాత్రం ఎలా ఓర్చుకుంటుంది?

"వెంటనే మానిపించెయ్," అన్నాడు మేకపోతు. అనడం ఎంతసేపు!

బరి మానుకోవడానికి ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉండేది. మెడలో గజ్జెల పట్టీ తీసెయ్యాలి. బరికి తోక చూపించాలి. వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి నడవాలి. మూడే మూడు పనులు. మూడూ చేసిన పొట్టేలు ఆ ఊరి చరిత్రలో ఇంతవరకూ లేదు. పిడుగు తాతని ఈడ్చుకెళ్లారు. తండ్రిని మోసుకెళ్లారు. మేనమామ ఒకాయన సొంత కాళ్ల మీదే వెళ్లాడు గానీ, ఇంటికి కాదు, నేరుగా వాగులోకి.

"నేనేమిటి, బరికి తోక చూపించడమేమిటి!" అని పిడుగు కస్సుమన్నాడు. ఉన్నదే బెత్తెడు తోక. దాన్ని పదేళ్లుగా ఏ శత్రువూ చూడలేదని అతని గర్వం.

కాళ్లావేళ్లా పడి బొట్టు ఒక మెట్టు దించింది. తోక చూపించకుండా, బరికేసి మొహం పెట్టి, రాజుగారి కొలువులోంచి వచ్చినట్టు మర్యాదగా వెనక్కి నడుచుకుంటూ వచ్చేస్తానన్నాడు. అదీ బాగానే ఉందని ఊరు ఒప్పుకుంది. వీడ్కోలు సభ పెట్టారు. తంగేడు పూల దండ వేశారు. ఊరి పెద్ద దున్నపోతు ఏడుస్తూ ప్రసంగం మొదలుపెట్టాడు. కాకి కూడా ఏడ్చింది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. పొట్టేలు ఢీకొట్టాలంటే ముందు వెనక్కి వెళ్లాలి. వెనక్కి వెళుతూ ఎదుటివాడి మీంచి కన్ను తిప్పకూడదు. మరి వెనకాల గొయ్యి ఉందో గోడ ఉందో ఎలా తెలుస్తుంది? అందుకని ప్రతి పొట్టేలుకీ వెనకాల ఒకరు నిలబడతారు. "రా... రా... చోటుంది" అంటూ అడుగులు వేయిస్తారు. పదో అడుగుకి "దూకు!" అని కేక పెడతారు. పొట్టేలు దూకుతుంది. ఆ పనిని వెనక కేక అంటారు. పిడుగుకి పదేళ్లుగా వెనక కేక వేసింది ఒక గాడిద.

వీడ్కోలు రోజున ఆ గాడిద కూడా అక్కడే ఉంది. పిడుగు ఒక్కో అడుగే వెనక్కి వేస్తుంటే, కళ్లు తుడుచుకుంటూ, "రా... రా... చోటుంది" అంది. పదో అడుగు పడగానే, పాపం, దాని తప్పేమీ లేదు, నోరు దానంతటదే తెరుచుకుంది. "దూకు!"

పిడుగు దూకాడు. అదృష్టం, తల తగిలింది దున్నపోతు మెత్తటి పొట్టకి; ప్రసంగం సగంలో ఉండగానే దున్నపోతు ఎగిరి ఊరి చెరుకు తోటలో తేలాడు.

"అలవాటులో పొరపాటు," అన్నాడు పిడుగు, తల విదిలించుకుంటూ. అప్పటికి మాత్రం బాగా సిగ్గుపడ్డాడు.

రెండో వీడ్కోలుకి గాడిద నోటి నిండా పచ్చగడ్డి కుక్కారు. దున్నపోతు తొందర తొందరగా నాలుగు ముక్కలు చెప్పి ప్రక్కకి తప్పుకున్నాడు. పిడుగు వెనక్కి నడిచాడు. ఏడు, ఎనిమిది, తొమ్మిది. పదో అడుగు పడగానే, అంతవరకూ ఏడుస్తూ కూర్చున్న ఊరు ఊరంతా ఒక్క గొంతుతో "దూకు!" అని అరిచింది. అరిచాక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈసారి పిడుగు తల తగిలి, వీడ్కోలుకి తెచ్చిన మద్దెల తోలు పగిలిపోయింది.

మూడో వీడ్కోలుకి ప్రసంగం చెయ్యడానికి ఎవరూ ముందుకి రాలేదు.

ఆ సాయంత్రం బొట్టు అతన్ని నిలదీసింది. "నిజం చెప్పు. నీకు మానాలని ఉందా లేదా?"

పిడుగు చాలాసేపు నెమరు వేశాడు. "ఉందే. రోజూ పొద్దున ఉంటుంది. మధ్యాహ్నానికి పోతుంది."

"ఆ బరిలో ఏముందయ్యా అంత?"

"బరిలో నా ఎదురుగా ఒకడుంటాడే. నన్ను చూసి వాడి కాళ్లు వణుకుతాయి. అది చూస్తే నేను ఉన్నానని నాకు తెలుస్తుంది. ఇంట్లో ఎలా తెలుస్తుంది?"

"నేను చూస్తూనే ఉన్నానుగా నిన్ను!"

"నువ్వు భయపడవుగా," అన్నాడు పిడుగు దిగులుగా.

బొట్టుకి ఏడుపూ వచ్చింది, ఒళ్లూ మండింది. రెండూ ఒకేసారి వచ్చేసరికి గడ్డి కోసుకురావడానికి వెళ్లిపోయింది.

అప్పుడు దిగాడు ఒక కుర్ర పొట్టేలు. పొరుగూరివాడు. నున్నగా మెరుస్తున్న ఒళ్లు, రెండు చుట్లు తిరిగిన కొమ్ములు, వెనకాల కొత్త పెళ్లాం. వాడు వచ్చీ రాగానే పిడుగు కాళ్ల మీద పడ్డాడు.

"మామా! చిన్నప్పటి నుంచి నీ పేరు చెప్పుకునే మేత మేశాను. నువ్వంటే నాకు దేవుడితో సమానం. ఒక్కసారి నిన్ను ఢీకొట్టనివ్వు."

"ఇదెక్కడి భక్తిరా నాయనా!" అంది బొట్టు.

కానీ పిడుగు అప్పటికే మెడ సాచి నిలబడ్డాడు. కళ్లలో పదేళ్ల కిందటి వెలుగొచ్చింది. కాకి ఇల్లిల్లూ తిరిగి దండోరా వేసింది. పాత పిడుగు, కొత్త పొట్టేలు, వచ్చే పున్నమి నాటి పొద్దున! ఎన్నడూ లేనంత జనం వస్తారు. జనం వస్తే వేరుశనక్కాయలు రాలతాయి. రాలినవన్నీ కాకివే. పిడుగు తల ఏమైతేనేం, దాని కడుపు ఎన్నడూ ఖాళీగా లేదు.

బొట్టు తిండి మానేసింది. బతిమాలింది, తిట్టింది, పుట్టింటికి పోతానంది. పుట్టిల్లు ఎదురిల్లే కావడంతో ఆ బెదిరింపు పెద్దగా పని చెయ్యలేదు. మూడు రోజులు ఆలోచించింది. నాలుగో రోజు గాడిద ఇంటికి వెళ్లింది.

"అన్నా, ఈ ఒక్కసారికి వెనక కేక నేను వేస్తాను."

"ఆడవాళ్లు వేసిన ఆనవాయితీ లేదే!"

"వెయ్యకూడదన్న ఆనవాయితీ ఉందా?"

గాడిద ఆలోచనలో పడింది. ఆలోచన దానికి అలవాటు లేని పని. అది తేల్చుకునేలోపు పోటీ రోజు వచ్చేసింది.

బరి చుట్టూ ఇసకవేస్తే రాలనంత జనం. కుర్ర పొట్టేలు ఒక కొసన తల వంచి కాళ్లు నేలకి తన్నిపెట్టాడు. ఒకసారి తల వంచాక దెబ్బ పడేదాకా ఎత్తకూడదు. ఎత్తినవాడు ఓడినట్టే. అతని ఎదురుగా పిడుగు. గజ్జెలు ఘల్లుమన్నాయి. చూపు కుర్రవాడి నుదుటి మీద నిలిచింది. వెనక నుంచి తనకి బాగా తెలిసిన గొంతు వినబడింది.

"రా... రా... చోటుంది."

"నువ్వటే బొట్టూ?" అన్నాడు పిడుగు, కన్ను తిప్పకుండా.

"నేనే. నీ దెబ్బ నా చేతుల మీదుగా పడాలని కోరికగా ఉంది."

పిడుగు పొంగిపోయాడు. మొదటిసారి పెళ్లానికి ఆటంటే ఏమిటో అర్థమైందనుకున్నాడు. ఒకటి, రెండు, మూడు. పది. జనం నోళ్లు తెరుచుకున్నాయి. కానీ ఊరు ఊరంతా అరిచేలోపే బొట్టు గట్టిగా అంది. "ఇంకొక్క అడుగు వెనక్కి రావయ్యా. వెనక బోలెడు చోటుంది. పది అడుగుల నుంచి దూకడం ఎవడైనా చేస్తాడు."

నిజమే కదా అనిపించింది పిడుగుకి. పదకొండు. పన్నెండు. ఇరవై. జనం లేచి అతనికి దారి ఇచ్చారు. ముప్ఫై. నలభై. "ఇంత దూరం నుంచి దూకిన పొట్టేలు పుట్టలేదు!" అని కాకి గొంతు చించుకుంది. కుర్ర పొట్టేలు వంచిన తల కింద నుంచి ఆ మాట విని కాళ్లు ఇంకాస్త గట్టిగా నేలకి తన్నిపెట్టాడు. ఎంత దూరం నుంచి వస్తే అంత గట్టిగా తగులుతుందని చంటిగొర్రెకి కూడా తెలుసు.

బరి దాటారు. వీధి దాటారు. జొన్నచేను గట్టు మీదుగా వెనక్కి నడిచారు. "కుడికాలు జాగ్రత్త, రాయుంది." వాగు వచ్చింది. "నీళ్లు మోకాలి లోతే. రా... రా..." మేకపోతు వైద్యుడు తన వాకిట్లో ఆకు నములుతూ చూశాడు. మొదట ముసలాయన తోక వచ్చింది, తర్వాత నడుము, చివరికి మొహం. అలా వచ్చి అలాగే వెళ్లిపోయింది. వైద్యుడు నమలడం ఆపాడు. తర్వాత నెమ్మదిగా నవ్వి మళ్లీ మొదలుపెట్టాడు.

జనం కొంతదూరం వెంట వచ్చారు. కానీ దెబ్బ పడేది బరిలో కదా, ఇక్కడుంటే చూసేదెలా? పరిగెత్తుకుంటూ వెనక్కి పోయి ఎవరి చోట్లలో వాళ్లు కూర్చున్నారు.

మధ్యాహ్నానికి పిడుగు నడుము తన ఇంటి కంచెకి ఆనింది.

"ఇంకా చోటుందా?"

"లేదయ్యా. ఇదే ఆఖరు. కానీ ముందు ఈ నాలుగు పరకలు తిను. ఖాళీ కడుపుతో దూకితే దెబ్బ తేలిపోతుంది."

తిన్నాడు. తిన్నాక కునుకొచ్చింది. మర్నాడు నేల తడిగా ఉందని ఆపింది. ఆ మర్నాడు ఎదురుగాలి. ఇంకో రోజు ఎండ కళ్లలోకి కొడుతోంది. ఒకరోజు గజ్జెలకి చిలుం పట్టిందనీ, ఈ మకిలి గజ్జెలతో బరిలోకి వెళితే తన పరువు పోతుందనీ పట్టీ తీసి తోమి గూట్లో పెట్టింది. అది తోమడం ఎన్నటికీ పూర్తి కాలేదు.

పిడుగుకి మాత్రం దిగులే లేదు. కంచెకి నడుం ఆనించి, బరి దారికేసి చూస్తూ ఠీవిగా నిలబడేవాడు. దారిన పోయేవాళ్లు "ఏం పిడుగూ, మానేశావటగా?" అంటే మండిపడేవాడు.

"మానేదేమిటి! వెనక్కి వచ్చాను, అంతే. దూకడానికి."

ఆరు నెలలు గడిచాయి. తలకి దెబ్బ లేదు. మొద్దుని బావా అనడం మానేశాడు. "ఏమండీ" అనడం మొదలుపెట్టాడు. ఇది నయమో కాదో మేకపోతు వైద్యుడు కూడా చెప్పలేకపోయాడు. కానీ రోజూ పొద్దున కళ్లు తెరవగానే "బొట్టూ" అనేవాడు. ఆమెకి అది చాలు.

ఒకనాడు ఇంట్లో ఉప్పు అయిపోయింది. ఉప్పురాయి ఉండేది బరి పక్కనే. బొట్టు ఆరు నెలల తర్వాత అటు వెళ్లింది. వెళ్లి నిలువునా ఆగిపోయింది.

కుర్ర పొట్టేలు ఇంకా అక్కడే ఉన్నాడు. వంచిన తల వంచినట్టే ఉంది. మెడ బిగుసుకుపోయింది. కాళ్ల చుట్టూ గరిక మొలిచింది. కొత్త పెళ్లాం రోజూ మేత తెచ్చి, వంగి, కింద నుంచి నోటికి అందిస్తోంది. అతనికి వెనక కేక వెయ్యాల్సిన నక్క ఎప్పుడో విసుగెత్తి వెళ్లిపోయింది. జనం మాత్రం తగ్గలేదు. వేరుశనక్కాయల చప్పుడు అలాగే ఉంది. కాకి బాగా ఒళ్లు చేసింది.

"అత్తా," అంది ఆ పిల్ల, బొట్టుని చూడగానే కళ్లనీళ్లు పెట్టుకుని. "మామ ఎప్పుడొస్తాడు? ఒక్క దెబ్బ కొట్టి పొమ్మను. మా ఆయన నిద్రపోయి ఆరు నెలలైంది."

బొట్టు అతని కాళ్ల చుట్టూ మొలిచిన గరికకేసి చూసింది. తన మొగుణ్ణి దక్కించుకోవడానికి ఇంకో ఆడదాని మొగుణ్ణి ఎండలో నిలబెట్టింది. ఆ సంగతి ఇన్నాళ్లూ తట్టనే లేదు. తట్టనివ్వలేదేమో కూడా. ఆమె ఆ పిల్లని దగ్గరికి తీసుకుని చెవిలో ఏదో చెప్పింది. పిల్ల మొదట తెల్లబోయింది. తర్వాత తిరిగి తన ఊరి దారికేసి, ఎంత దూరమో అన్నట్టు చూసింది.

ఉప్పురాయి ముక్క ఒకటి నోట కరుచుకుని బొట్టు ఇంటిదారి పట్టింది. మనసు ఎక్కడో ఉండి ఒక సంగతి మరిచిపోయింది. ఆరు నెలలుగా ఆమె ఎప్పుడూ పెరటి దారినే, పిడుగు వెనక నుంచే ఇంట్లోకి వచ్చేది. ఇవాళ ఎదురుగా, బరి దారి మీదుగా వస్తోంది.

పిడుగు చూశాడు. కళ్లు మసక. దారి చివర దుమ్ములో ఏదో ఆకారం. నాలుగు కాళ్లు, వంచిన తల, నేరుగా తన మీదికే. వెనక ఎవరూ లేరు. రా అనేవాళ్లు లేరు, దూకు అనేవాళ్లు లేరు. అయినా ఆరు నెలల అడుగులన్నీ కాళ్లలో గిర్రున తిరిగాయి. పిడుగు దూకాడు.

బొట్టు తల ఎత్తి చూసి స్థాణువైపోయింది. అరుద్దామంటే నోట్లో ఉప్పురాయి. పక్కకి తప్పుకుందామంటే కాళ్లు కదలలేదు. నిజం చెప్పాలంటే, అన్నేళ్ల కాపురంలో మొదటిసారి ఆమె అతన్ని చూసి భయపడింది. కాళ్లు వణికాయి.

పిడుగు ఆ వణుకు చూశాడు. పది అడుగులు, ఇరవై అడుగులు. ముప్ఫయ్యో అడుగుకి రొప్పొచ్చింది. నలభయ్యో అడుగుకి ఎవర్ని కొట్టాలనుకున్నాడో మరిచిపోయాడు. యాభయ్యో అడుగుకి ఎదురుగా, వణుకుతున్న ఒక నుదురు, దాని మీద చిన్న తెల్లమచ్చ.

ఆగాడు. దుమ్ము అతన్ని దాటుకుని ముందుకి పోయింది. అతను ఆమె నుదుటికి నుదురు మెల్లగా ఆనించాడు. అతని పదేళ్ల బరి జీవితంలో అంత చిన్న చప్పుడు చేసిన దెబ్బ ఇంకోటి లేదు.

"ఎక్కడికి పోయావే బొట్టూ ఇంతసేపు?" అన్నాడు రొప్పుతూ. "ఎందుకలా వణుకుతున్నావు? ఎవరైనా బెదిరించారా?"

బొట్టు ఉప్పురాయి కింద పడేసి, భోరున ఏడ్చి, వెంటనే నవ్వింది. "ఎవరూ లేరయ్యా. ఇంటికి పద."

"పద పద. నేనుండగా నీకేం భయం!"

ఉప్పురాయి నోట కరుచుకుని ఆమె నడిచింది. ఆమె పక్కనే నడవాలంటే తిరగాలి కదా, అతనూ తిరిగాడు. మెడలో గజ్జెలు లేవు. బెత్తెడు తోక బరి వైపు ఉంది. మధ్యలో కోసు దూరం ఉందనుకోండి. ఎంత దూరం నుంచి చూపించాలో పద్ధతిలో ఎక్కడా రాసి లేదు. అతను ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు, ఎందుకంటే ఆమె నడక ఇంకా తడబడుతోందని అతని చూపంతా అటే ఉంది.

ఇదంతా కంచె మీద నుంచి చూసింది కాకి ఒక్కటే. ముసలాడు ఎప్పుడు దూకుతాడో కనుక్కుపోదామని వచ్చింది. మూడు పనులూ పూర్తయ్యాయని దానికి తెలిసింది. ఊరి చరిత్రలో మొదటిసారి. ఇది చెబితే జనం లేచి ఇళ్లకి పోతారు. కాకి కాసేపు తన బొజ్జకేసి చూసుకుంది. తర్వాత ఎగిరి బరి దగ్గరికి వచ్చి వాలింది.

"వస్తున్నాడా?" అన్నాడు కుర్ర పొట్టేలు, తల ఎత్తకుండా, నేలకేసి మాట్లాడుతూ.

"బయల్దేరాడు! దుమ్ము నా కళ్లారా చూశాను. కాళ్లు తన్నిపెట్టు!" అంది కాకి. జనం ఇంకో గుప్పెడు కాయలు తీసుకున్నారు.

కుర్ర పొట్టేలు కాళ్లు తన్నిపెట్టబోయాడు. అంతలో వెనక నుంచి, ఎప్పుడు వచ్చి నిలబడిందో గానీ, అతని పెళ్లాం గొంతు వినబడింది.

"ఇంకొక్క అడుగు వెనక్కి రావయ్యా. వెనక బోలెడు చోటుంది."